మెనూలో కనబడని ప్రోగ్రాం

కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌లో పేరు కొట్టగానే బొమ్మలు గీసే ఆ ప్రోగ్రాం చక్కగా తెరుచుకుంది; లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు మెనూలో మాత్రం ఎంత వెతికినా దాని ఐకాన్ లేదు. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దామని చెల్లెలు పట్టుబట్టింది, నేను ఒప్పుకోలేదు.

లినక్స్ మెనూ ప్రోగ్రాంలను నేరుగా వెతకదు. మెనూలో కనబడే ప్రతి ప్రోగ్రాంకూ 'డెస్క్‌టాప్' అనే ఎక్స్‌టెన్షన్‌తో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది, అందులో రాసి ఉన్న పేరు, ఐకాన్, నడపవలసిన కమాండ్ చదివి మెనూ దాన్ని చూపిస్తుంది. 'అప్లికేషన్స్' అనే సిస్టమ్ ఫోల్డరులో మా ఫైలు భద్రంగానే ఉంది, ఒక్క అక్షరం కూడా తప్పు లేదు.

అయితే అదే పేరుతో పాత కాపీ ఒకటి హోం ఫోల్డరులో, మామూలుగా కంటికి కనబడని 'లోకల్' అనే ఫోల్డరు లోపల మిగిలిపోయింది. ఒకే పేరుతో రెండు ఫైళ్లుంటే హోంలో ఉన్నదే చెల్లుతుంది. ప్రోగ్రాం నిజంగా ఉందో లేదో మెనూ 'ట్రైఎగ్జెక్' అనే వరుసను బట్టి చూసుకుంటుంది; ఆ కాపీలోని ఈ వరుసలో పాత వెర్షన్ ఉన్న చోటే రాసి ఉంది. అప్‌డేట్ తరువాత అక్కడ ప్రోగ్రాం లేదు గనుక, మెనూ ఏ హెచ్చరికా లేకుండా దాన్ని దాచేసింది. మామూలు వాడుకరికి ఈ మౌనం చాలా అన్యాయమని నా అభిప్రాయం, ఎందుకు చూపించడం లేదో ఒక్క వాక్యంలో చెప్పినా ఎంతో మేలు జరిగేది.

ఆ పాత కాపీని తొలగించగానే ఐకాన్ వచ్చింది. మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఏమీ మారేది కాదు, ఎందుకంటే ప్రోగ్రాంలను ఇన్‌స్టాల్ చేసే, తీసేసే ప్యాకేజీ మేనేజరు హోం ఫోల్డరు జోలికి పోదు.