రెండో చిల్లు

పదకొండు దాటింది. అందరూ పడుకున్నారు. నాకు మాత్రం ఆ సైకిలు ట్యూబు కళ్లముందు నుంచి పోవట్లేదు.

శ్రీకూర్మం గుడికి వెళ్లొచ్చాం, అనుకున్నట్టే సైకిళ్ల మీద. రానూపోనూ 26 కిలోమీటర్లు. ఐదింటికే బయల్దేరడంతో వెళ్లేటప్పుడు ఎండ తెలీలేదు. చిన్నోడు తాబేళ్ల దగ్గర్నుంచి కదిలితే ఒట్టు. రెండు ధ్వజస్తంభాలెందుకని పెద్దది అడిగితే, స్వామి పడమటి ముఖంగా ఉంటాడు కదా, అందుకని మావారు చెప్పారు. తొమ్మిదికి తిరుగుముఖం పట్టాల్సింది పదిన్నరయింది.

సముద్రం దగ్గర ఎండ వేరు. గాలిలో తేమకి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. మనిషికి గంటకి అర లీటరు లెక్కన ఆరు లీటర్లు పట్టుకెళ్లాం. లీటరుకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి. ఉప్పు అంతకు మించకూడదు. నీళ్ల విషయంలో ఏ లోటూ రాలేదు.

లోటంతా చిన్నోడు కూర్చున్న సైకిలు వెనక టైరుతోనే. మోరీ దగ్గర గోతిలో దబ్బున పడింది, కాసేపటికి రిమ్ము నేలకి ఆనింది. పంచరు షాపు దాకా నడిపించుకెళ్లాం. "ఎండకి గాలుబ్బిపోయి పేలిపోనాదమ్మా" అన్నాడా అబ్బాయి. ట్యూబు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, బుస్సుమన్న చోట అతుకేసి ఎక్కించేశాడు. నీళ్లలో ముంచనేలేదు! రెండు కిలోమీటర్లకి మళ్లీ దిగిపోయింది. ఇంకో చోట కొత్త ట్యూబు వేయించి ఇంటికి చేరేసరికి ఒంటిగంట. పిల్లల మొహాలు కందిపోయాయి.

మా నాన్న పంచరు వేస్తే చూడాలి. టైరు ఊడదీయడానికి రెండు చెంచా కాడలే, స్క్రూడ్రైవరు ముట్టనిచ్చేవారు కాదు, ట్యూబుకి గాటు పడుతుందని. గాలి కొట్టి కుడితి గోలెంలో ముంచి తిప్పేవారు. బుడగ వచ్చిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టి, ఆగకుండా మొత్తం చుట్టూ తిప్పేవారు. "ఒకటి దొరికిందంటే రెండోది లేదని కాదే అమ్మా" అనేవారు. తర్వాత తుడిచి, గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, సొల్యూషన్ పలచగా రాసి, వేలికి అంటకుండా అయ్యేదాకా ఆరనిచ్చేవారు. తడి మీద అతుకేస్తే సరిగా పట్టదు, టైరు వేడెక్కాక అంచులు లేస్తాయి. ఇక టైరు లోపల వేళ్లు తిప్పి పల్లేరు ముల్లో తుమ్మ ముల్లో ఉందేమో వెతకడం. ట్యూబుకి కాస్త గాలి పట్టించి ఎక్కించడం, ముడత పడకుండా. పావుగంట పని. ఆ అబ్బాయికి ఆ పావుగంట లేకపోయింది.

ఇక్కడిదాకా రాసి, లేచి వెళ్లి టార్చి పెట్టి పాత ట్యూబు చూశాను. అతుకు పక్కనే, అర అంగుళం ఎడంగా ఇంకో గాటు. ముల్లు గుచ్చితే ఒక్క చుక్క చిల్లే ఉంటుంది. పేలితే చిరుగు ఇంత పొడుగున ఉంటుంది. ఇలా జంటగా పడ్డాయంటే గోతిలో పడ్డప్పుడు రిమ్ముకీ నేలకీ మధ్య ట్యూబు నలిగినట్టు. మామూలుగా గాలి తక్కువుంటేనే అలా నలుగుతుంది.

గాలి తీసింది నేనే. ఎండకి టైరు పేలుతుందని నిన్న రాత్రి వెనకది కాస్త వదిలాను. అందరూ చేసేదే. కానీ లెక్క వేసి చూస్తే, పొద్దున్న 27 డిగ్రీల్లో 45 పౌండ్లుండే గాలి, టైరు 50 డిగ్రీలకి వేడెక్కినా 50 పౌండ్లు దాటదు. మంచి టైరుకి అదో లెక్క కాదు. పైగా కేరియరు మీద పిల్లాడు, నీళ్ల సీసాలు. గాలి నిండుగా ఉండాల్సిన టైరే అది.

ఆ అబ్బాయి ముంచి చూసుంటే రెండోది అక్కడే దొరికేది, ఆ కోపం నాకింకా పోలేదు. మొదటిది మాత్రం అతని తప్పు కాదు.

గాలి తీసిన సంగతి ఆయనకింకా చెప్పలేదు. పొద్దున్నే చెప్పి, మూడు సైకిళ్లకీ గాలి కొట్టాలి. వెనక టైర్లు బొటనవేలితో గట్టిగా నొక్కినా దిగకూడదు.