11 కోట్ల డాలర్లు ఏమయ్యాయి?
ఇవాళ బోస్టన్ ఆఫీసులో లంచ్ దగ్గర కర్ట్ షిల్లింగ్ మాట వచ్చింది. ఇక్కడి బేస్‌బాల్ జట్టు రెడ్ సాక్స్‌కి ఆడిన పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు), జీతాల రూపంలోనే 11 కోట్ల డాలర్లకు పైగా సంపాదించి 2009లో రిటైరయ్యాడు. వీడియో గేముల కంపెనీ పెడితే 2012లో దివాలా! సొంత డబ్బు 5 కోట్ల డాలర్లు పోయిందని ఆయనే చెప్పాడు. అది ఆయనిష్టం. కానీ రోడ్ ఐలాండ్ రాష్ట్ర ప్రభుత్వ హామీతో 7.5 కోట్ల డాలర్ల అప్పు తేవడమే నాకు మింగుడు పడలేదు. జీతాలు అందక ఉద్యోగులూ రోడ్డున పడ్డారు. 2004 వరల్డ్ సిరీస్‌లో (బేస్‌బాల్ ఫైనల్స్) ఆయన కాలికున్న, రక్తం అంటిన సాక్సు కూడా 2013లో వేలానికొచ్చింది, 92,613 డాలర్లు పలికింది.

ఒక ఫ్రెండ్ తన స్టార్టప్‌లో డబ్బు పెట్టమని వారం నుంచీ అడుగుతున్నాడు. ఈ కథ మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. చెబితే ఆ ముచ్చట అక్కడితో సరి!