పరుగు తరువాత సోబా

టోక్యోలో ఆదివారం ఉదయం కుటుంబమంతా కలిసి చెమట పట్టేలా తిరగాలంటే చక్రవర్తి ప్రాసాదం చుట్టూ ఉన్న కందకపు గట్టుకు మించిన చోటు నాకు కనిపించలేదు. ఒక చుట్టు సుమారు 5 కిలోమీటర్లు ఉంటుంది. దారిలో ఎక్కడా సిగ్నల్ అడ్డురాదు కనుక పట్టిన వేగం చెడదు. అందరూ అపసవ్య దిశలోనే పరుగెత్తడం, నడిచేవారికి ముందు దారి వదలడం, నలుగురు పక్కపక్కన చేరి బాటను మూసివేయకపోవడం అక్కడి మర్యాదలు. మేము ఉంటున్న నిషి-కసాయి నుంచి తోజై లైను రైలు నేరుగా తకెబాషికి చేరుస్తుంది. అక్కడి నుంచి హంజోమోన్ ద్వారం వరకు ఉన్న ఎత్తు నిజంగా ఆయాసపెడుతుంది. ఆ తరువాత సకురదామోన్ వరకు ఎడమవైపు వెడల్పాటి కందకాన్ని చూసుకుంటూ పల్లంలోకి దిగిపోవచ్చు. వాన లేని ఆదివారాల్లో ప్రాసాదం ముందున్న రహదారిలో కొంత భాగాన్ని కార్లకు మూసివేసి, సైకిళ్లను ఉచితంగా అరువిస్తారు కాబట్టి పిల్లలు, నా భార్య అటు వెళ్తారు. ఇటీవల విజయవాడ నుంచి వచ్చిన మా అత్తగారు పైన్ చెట్ల మధ్య తన నడక ముగించుకుంటారు.

అసలు సంగతి ఆ తరువాతి భోజనం. పిల్లలు సుషీ కావాలంటారు గానీ, పరుగెత్తి వచ్చిన ఆకలికి జపాను వారి సేమ్యా అయిన సోబాయే తగినదని నా గట్టి అభిప్రాయం. దగ్గరలోని కందా అనే పేట వైపు నడిచి వెళ్తే చిన్నా పెద్దా సోబా దుకాణాలు కనిపిస్తాయి. కూర్చోగానే ఇచ్చే తడి తువ్వాలుతో చేతులు తుడుచుకునే సమయానికి టీ కూడా వస్తుంది. ఉత్తరాది వారు ఉపవాసాల్లో వాడే కుట్టు పిండి ఉంది కదా, సోబా దానితోనే చేస్తారు. చాలా చోట్ల 8 పాళ్ల ఆ పిండికి 2 పాళ్ల గోధుమపిండి కలుపుతారు. ఉడికిన సేమ్యాను చన్నీళ్లలో బాగా కడిగి వెదురు తట్ట మీద పెట్టి తెస్తారు. దానిని చివర మాత్రం పక్కన ఇచ్చే రసంలో ముంచి, చప్పుడు చేస్తూ పీల్చుకోవాలి. ఇంట్లో ఆ చప్పుడుకే చీవాట్లు తినే మా అబ్బాయికి ఇంతకంటే ఆనందం మరొకటి లేదు.

అత్తగారు శుద్ధ శాకాహారి కావడంతో చిక్కంతా ఆ ముంచుకునే రసం దగ్గరే వచ్చింది. చూడడానికి నల్లని సోయా రసంలాగే ఉన్నా, దాని రుచికి ఆధారం ఎండబెట్టి పొగపట్టిన బొనీటో చేప తురుము. పిండిలో ముంచి వేయించే కూరగాయల టెంపురా తెప్పిద్దామంటే ఆ పిండిలో సాధారణంగా గుడ్డు కలుపుతారు. చివరకు ఉత్త సోయా సాస్, తురిమిన తెల్ల ముల్లంగి, కొద్దిగా వసాబి అనే ఘాటైన ముద్ద విడిగా అడిగి తెప్పించాము. "ఇందులో చేప లేదు కదా, బాబూ? మరోసారి అడిగి చూడండి," అన్నారావిడ. వడ్డించే ఆమె ఏమాత్రం విసుక్కోకుండా సీసానే తెచ్చి చూపించింది. ఆ పైన అత్తగారు తట్ట ఖాళీ చేశారు. వసాబి ఘాటు మాత్రం మన ఆవపిండి ముందు నిలవదని తీర్పు చెప్పారు.

తట్టలు ఖాళీ అయ్యాక సోబాయు వస్తుంది. ఇది సోబా ఉడికించిన నీరే; వేడిగా, కొంచెం చిక్కగా, మన గంజిలా ఉంటుంది. మిగిలిన ముంచుడు రసంలో దీనిని పోసుకుని తాగుతారు. చెమటతో ఉప్పు, నీరు పోగొట్టుకున్న ఒంటికి ఈ ఉప్పటి వేడి పానీయం ఎంత హాయినిస్తుందో పరుగెత్తి వచ్చినవారికే తెలుస్తుంది. సోబాలోని బి1 విటమిన్ నీటిలో కరిగేది కనుక అందులో కొంత ఈ నీటిలోకే దిగుతుంది. టోక్యోకు "ఎదో" అనే పాత పేరున్న కాలంలో, తెల్లగా దంచిన బియ్యానికి అలవాటుపడిన నగరవాసులను పీడించిన బెరిబెరి జబ్బుకు ఆ విటమిన్ లోపమే కారణం. అత్తగారు తన సోయా సాస్‌లోనే సోబాయు పోసుకుని రెండోసారి కూడా అడిగారు.

బయట వరుస పెరుగుతుంటే కబుర్లు చెప్పుకుంటూ కూర్చోవడం బాగుండదు కాబట్టి వెంటనే లేచాము. ఇక్కడ టిప్పు ఇచ్చే అలవాటు లేదు. బిల్లు కౌంటరు దగ్గర కట్టేస్తే సరిపోతుంది. వచ్చే ఆదివారం తిరిగే పళ్లాల సుషీ దుకాణానికే వెళ్లాలని పిల్లలు రైలు ఎక్కకముందే మాట తీసుకున్నారు. అక్కడ అత్తగారికి దోసకాయ చుట్టలు, ఉడికించిన పచ్చి సోయా కాయలు దొరుకుతాయి కనుక నేనూ అభ్యంతరం చెప్పలేదు.