కాలిన కొండ మీద వెంటనే మొక్కలు వెయ్యకండి

ఎండాకాలం వచ్చిందంటే శ్రీకాకుళం జిల్లాలో మా మందస వైపు కొండల మీద ఎక్కడో ఒకచోట నిప్పు అంటుకుంటుంది. ఇప్పపువ్వు ఏరుకోడానికి చెట్టు కింద ఆకులు తగలబెడతారు, తునికాకు లేత చిగురు రావాలని కొందరు, పోడు కోసం కొందరు, అది చెయ్యి దాటిందంటే కొండంతా పాకేస్తుంది. వానలు పడగానే ఎవరో ఒకరు ట్రాక్టర్ నిండా మొక్కలు తెచ్చేస్తారు, అన్నీ ఒకటే రకం, నీలగిరో టేకో. నాకైతే అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

మాడిపోయిన తునికి మోడు మొదట్లో గోరుతో బెరడు గీకి చూడండి, చాలాసార్లు లోపల పచ్చగా తడి ఉంటుంది. తునికి, మోదుగ, గుగ్గిలం వేళ్ళ నుంచే మళ్ళీ పిలకలు వేస్తాయి. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా మందంగా ఉంటుంది కదా, కింద పాకే మంట దాన్ని అంత తొందరగా చంపలేదు. అందుకే మొదటి వానాకాలం ఆగి చూడాలి, ఏవి తిరిగొచ్చాయి, ఎక్కడ ఏమీ రాలేదు అని. తొందరపడి గుంతలు తవ్వేస్తే వచ్చే పిలకలు కూడా పోతాయి. ఆ ఏడాది మేకలు అటు పోకుండా చూడాలి, లాంటానా కంప వేళ్ళతో సహా పీకాలి, అది కమ్మేసిందంటే ఏ పిలకా పైకి రాదు, ఎండితే మళ్ళీ నిప్పుకి అదే మేత.

ఆ తర్వాత ఖాళీల్లో ఉసిరి, కరక, తాని, నేరేడు, ఏగిస, ఇప్ప, సారపప్పు చెట్టు అన్నీ కలిపి వెయ్యాలి. ఒక పురుగొచ్చినా, ఒక ఏడాది వాన తప్పినా అన్నీ ఒకేసారి పోవు. కొండల్లో ఉండే సవర గిరిజనులకి ఏడాదిలో ఒక్కో కాలంలో ఒక్కోటి దొరుకుతుంది, ఎలుగులకి కొండ పైనే తిండి ఉంటే కింద ఉద్దానం ప్రాంతం జీడితోటల్లోకి దిగడం కొంచెమైనా తగ్గుతుందని నా నమ్మకం. నీలగిరి తోటలో తినడానికి ఏముంది చెప్పండి?

మంట ఆపకుండా ఎన్ని వేసినా లాభం లేదు. ఇప్ప చెట్టు కింద పాత చీరో వలో పరిస్తే పువ్వు మట్టి అంటకుండా దొరుకుతుంది, తగలబెట్టే పనే ఉండదు.

ఇంకోటి, విత్తనాలు. ఉసిరి, కరక ఎండబెట్టి దాచుకోవచ్చు గానీ నేరేడు, గుగ్గిలం దాస్తే పనికిరావు, గుగ్గిలం అయితే రాలిన వారం పది రోజులకే మొలిచే శక్తి పోతుంది. అందుకే జూన్‌లో నేరేడు పళ్ళు తింటే గింజలు పారెయ్యకుండా ఆ వారంలోనే కవర్లలో మట్టి నింపి పెట్టేయండి, మొలిచాక కొండ దగ్గర ఊళ్ళవాళ్ళకి ఇవ్వొచ్చు.