సిరొంచలో నులకమంచం మీద ఒక రాత్రి

2023 డిసెంబర్ 14, మార్గశిర విదియ. జెమినిడ్ ఉల్కలు ఎక్కువగా రాలేది ఆ రాత్రే. నెలవంక పెందరాళే దిగిపోతుంది కాబట్టి ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదనుకుని హైదరాబాద్ నుంచి బయల్దేరాను. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీదున్న రెండు లింగాలకూ దండం పెట్టుకుని గోదావరి వంతెన దాటితే గడ్చిరోలి జిల్లా. బోర్డులు మరాఠీలోకి మారతాయి, మాట మారదు. మా అక్కనిచ్చింది సిరొంచలోనే.

స్నేహితుడి టెలిస్కోపు అరువు తెచ్చుకున్నాను. శుద్ధ దండగ. అది చూపించేది వేలెడంత ఆకాశం. ఉల్క ఎటు రాలుతుందో దానికేం తెలుసు? బావ దాన్ని ఎగాదిగా చూసి, మిరపచేలోకి నులకమంచం మోసుకొచ్చాడు.

"చుక్క రాలితే ఎవరిదో పానం పోయినట్టే. లెక్కపెట్టకుండ్రి," అంది వెనకనుంచి బావ వాళ్లవ్వ.

పది గంటలకు నడినెత్తిన పిల్లలకోడి, అదే కృత్తిక చుక్కల గుంపు, తూర్పున పునర్వసు జంట చుక్కలు. కళ్లు చీకటికి అలవాటు పడాలంటే ఇరవై నిమిషాలు కావాలి. మావాడు పది నిమిషాలకోసారి ఫోన్ తీసి టైం చూసేవాడు! చివరికి లాక్కుని దిండు కింద పెట్టాను. ఆ తర్వాత మొదలయ్యాయి. పునర్వసు దిక్కునుంచి తెల్లగా ఒకటి, కాసేపటికి దక్షిణానికి జారుతూ పచ్చగా ఇంకొకటి. సాధారణంగా ఉల్కాపాతమంటే తోకచుక్క విడిచిన దుమ్ము. ఈ దుమ్ము మాత్రం 1983లో కనిపెట్టిన ఫేథాన్ అనే గ్రహశకలానిది. ఇసుక రేణువంత ముక్క, సెకనుకు 35 కిలోమీటర్ల వేగంతో వచ్చి మండిపోతుంది.

"ఉగాదినాడు పోయింది గిట్ల లేదుర బామ్మర్దీ," అన్నాడు బావ. "గది నిప్పుల రైలు లెక్క మెల్లగ పోయింది. ఇంట్లకెళ్లి మీ అక్కను పిలుచుకొచ్చి చూపెట్టిన."

2022 ఏప్రిల్ 2 సంగతి అది. ఆ రాత్రే చంద్రపూర్ జిల్లా సిందేవాహి తాలూకాలో మనిషికన్నా పెద్ద లోహపు రింగు పడింది. చైనా రాకెట్టు శకలమని తర్వాత తెలిసింది. భూమి చుట్టూ తిరిగి తిరిగి పడే వస్తువు వేగం సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్లే. మా అక్క వంటింట్లోంచి వచ్చేదాకా ఆగిందంటే అందుకే. ఉల్కైతే "అదిగో" అనేలోపే ఉండదు.

నేనేమో లైటు వేయకుండా కాగితం మీద ఒక్కోదానికి ఒక్కో గీత గీసుకుంటూ పోయాను. ఈశాన్యాన మంచంకోళ్లు, అంటే సప్తర్షులు, పైకొచ్చాయి. టెలిస్కోపు అద్దం మీద నీళ్లు కారుతున్నాయి. వేగుచుక్క కోసం చూస్తుండగా నది మీదినుంచి మంచు కమ్మేసింది. ఇక లేచాం.

పొద్దున చాయ్ ఇస్తూ అవ్వ అడిగింది, "ఎన్ని రాలినయిరా?"

నా జేబులోని కాగితం మీద, ఒకదాని మీద ఒకటి పడినవి కాక, నూటపదిహేడు గీతలున్నాయి. బావ నా మొహం చూసి, "రెండో మూడో అవ్వా" అన్నాడు.