రాజుగారి మంచం ఏదీ?

చంద్రగిరి రాజమహల్లో అడుగు పెట్టగానే మా పిల్ల అడిగింది: "రాజుగారి మంచం ఏదీ?" మేముండే చోట కోటల్లో పరుపులు, పింగాణీ పళ్ళేలు సర్ది చూపిస్తారు మరి. ఇక్కడున్నవి రాతి విగ్రహాలు, కంచు విగ్రహాలు. "మళ్ళీ మ్యూజియమేనా!" అని గుమ్మంలోనే చతికిలబడింది.

తప్పు నాదే. విజయనగర రాయలు ఏలిన చోటు కదా, వారం ముందు నుంచీ "మన రాజధాని" అని ఊదరగొట్టాను.

పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళకు నాలుగు మాటలు. తిరుపతికి పదిహేను కిలోమీటర్ల లోపే. శుక్రవారం మ్యూజియం మూత. విగ్రహాల పేర్లు చదివించకండి, తల పైకెత్తి కప్పు చూడమనండి. మూడంతస్తుల మేడలో ఒక్క దూలం ఉండదు. అంతా రాయి, ఇటుక, సున్నం. పైకప్పు బరువు కమానుల మీదుగా స్తంభాల్లోకి దిగుతుంది. మా పిల్ల లేచి నిలబడింది ఇక్కడే.

తర్వాత బయటికి తెచ్చి కొండ చూపించండి. సుమారు 180 మీటర్ల బండ. మహళ్ళు కింద, పెద్ద పెద్ద రాళ్ళు పేర్చిన గోడ లోపల. గోడ చుట్టూ కందకం. కొండ మీది కోట ప్రాణం మీదికొస్తే తలదాచుకునే చోటు. ఎంత నిటారు కొండైనా వాననీళ్ళు పట్టుకోలేకపోతే ముట్టడికి నిలవదు. కోటలు గోడ కూలడం కంటే దాహానికే తొందరగా లొంగుతాయి. మీరూ సీసాలు నింపుకుని వెళ్ళండి. మధ్యాహ్నం వద్దు, ఇక్కడి ఎండ బండ మీద రెండింతలు.

చరిత్ర చెప్పేటప్పుడు నాలా కోతలు కోయకండి. "మద్రాసు పుట్టిన కాగితం మీద ఈ గదిలోనే సంతకం పెట్టారు" అనేశాను. 1639 ఆగస్టు 22 నాటి ఆ పత్రం ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి దామెర్ల నాయకుడిచ్చింది. చంద్రగిరి రాయలు అతని ఏలిక. రాత్రి అవ్వ ముందు పిల్ల నా ముక్కే గొప్పగా అప్పజెప్పింది. సరిదిద్దలేదు. మురిసిపోతున్న అవ్వను చూసి నోరు మూసుకున్నాను.

1565లో యుద్ధంలో ఓడిపోయాక విజయనగర రాజధాని హంపి నుంచి పెనుకొండ, 1592 ప్రాంతంలో వెంకటపతిరాయలతో చంద్రగిరి, ఆపైన వేలూరు. రాజధాని అంటే కొలువు తీరడమే అనుకునేదాన్ని. లెక్కేస్తే మూటాముల్లే సర్దుకున్న కథే ఎక్కువ. అది ఎలా చెప్పాలో నాకింకా తెలీదు.

"ఎందుకు అన్నిసార్లు ఇల్లు మారారు? వాళ్ళ నాన్న ఉద్యోగమా?" అనడిగింది.

కాదన్నాను. "మరి?" అంది. దాహమేస్తోందా అని సీసా ఇచ్చాను.