నలపకూడని సీసా

జర్మనీలోని స్టుట్‌గార్ట్ వచ్చిన మొదటి నెలలో నేను పదిహేడు నీళ్ల సీసాలు నలిపి చెత్తడబ్బాలో వేశాను. లెక్క ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి అవి నా గుమ్మం ముందు వరసగా పేర్చి ఉన్నాయి. పక్క ఫ్లాట్‌లో ఉండే పెద్దాయన వాటిని డబ్బాలోంచి ఏరి తెచ్చారట. తలుపు చప్పుడు విని బయటికి వచ్చి, నాకు అర్థం కావాలని ఒక్కో మాట విడదీసి చెప్పారు: "ఇది చెత్త కాదు. ఇది డబ్బు. నలపకండి."

మన దేశంలో నీళ్ల సీసా మీద రాసి ఉండేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. తాగాక నలిపి పారేయమంటారు, ఎవరైనా మళ్లీ కుళాయి నీళ్లు నింపి అమ్ముతారేమోనన్న భయంతో. చిన్నప్పటి నుంచి రైల్లో, బస్టాండులో అలాగే చేసిన చేతులు నావి. ఆసుపత్రిలో చేరాక అది మరింత ముదిరింది. హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆరేళ్లు నర్సుగా పనిచేశాను. ఖాళీ సెలైన్ సీసాను, దాని గొట్టాన్ని కత్తిరించి పనికిరాకుండా చేస్తే తప్ప సంచిలో వేయనిచ్చేవారు కాదు. వాడిన వస్తువును మళ్లీ ఎవరూ వాడలేకుండా చేయడమే బాధ్యత అని నేర్చుకున్నాను.

ఆ ఉదయం నిద్ర మానేసి సీసాల పనిపెట్టుకున్నాను. ఒక్కొక్కటి కడిగి, మూతి దగ్గర ఊదితే అణిగిన పక్కలు టక్కుమని పైకి లేచేవి. పదకొండు మళ్లీ రూపానికి వచ్చాయి. ఆరింటిని మరీ గట్టిగా మెలిపెట్టి ఉన్నాను, అవి లేవలేదు. పదకొండింటినీ గుడ్డసంచిలో వేసుకుని సూపర్‌మార్కెట్‌కు వెళ్లాను. గోడలో గుండ్రటి రంధ్రం ఉన్న యంత్రం. సీసాను అడుగు వైపు నుంచి లోపలికి పెట్టాలి. అది సీసాను గిరగిరా తిప్పి, దాని మీది గుర్తు చదివి, లోపలికి లాక్కుంటుంది. లోపల ఎక్కడో అది నలుగుతున్న చప్పుడు వినిపిస్తుంది. తెర మీద 0.25 పడుతుంది, తర్వాత 0.50. నలపడమన్నది ఇక్కడా ఉంది, కాకపోతే లెక్క రాసుకున్నాక నలుపుతారు. పదకొండు సీసాలకు 2 యూరోల 75 సెంట్ల చీటీ వచ్చింది. దాన్ని బిల్లు దగ్గర ఇచ్చి పాలు, బ్రెడ్డు కొన్నాను.

దీన్ని ఇక్కడ ఫాండ్ అంటారు, అంటే కుదువ. సీసా కొన్నప్పుడే 25 సెంట్లు అదనంగా కడతాం, ఖాళీ సీసా తిరిగి ఇస్తే అవి వెనక్కి వస్తాయి. ఒకసారి వాడే సీసాలకు, రేకు డబ్బాలకు ఈ పద్ధతి 2003 జనవరిలో మొదలైంది. 2022 నుంచి దాదాపు అన్ని ప్లాస్టిక్ పానీయ సీసాలకూ వర్తించింది, 2024 నుంచి పాల సీసాలూ చేరాయి. నూటికి తొంభై ఐదుకు పైగా సీసాలు తిరిగి వస్తాయి. కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. 25 సెంట్ల సీసా మళ్లీ నింపే సీసా కాదు, ముక్కలై కొత్త ప్లాస్టిక్ అవుతుంది. నిజంగా కడిగి మళ్లీ నింపేవి 8 సెంట్ల బీరు సీసాలు, 15 సెంట్ల నీళ్ల సీసాలు. గాజు సీసా యాభై సార్ల దాకా తిరుగుతుంది. కుదువ ఎక్కువ ఉన్నంత మాత్రాన అది మళ్లీ నింపే సీసా అని కాదు.

అసలు నీళ్లు కొనడమే అనవసరమని తెలియడానికి మరో రెండు నెలలు పట్టింది. ఈ ఊరి కుళాయికి వచ్చే నీళ్లలో పెద్ద భాగం వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న బోడెన్‌జే సరస్సువి. తిన్నగా పట్టుకుని తాగొచ్చు. కుళాయి నీళ్లు తాగడమంటే విరేచనాలు కొనితెచ్చుకోవడమేనని వార్డులో రోజూ చూసినదాన్ని. మొదటి గ్లాసు తాగేటప్పుడు ఎంత వెనకాడానో నాకు తెలుసు.

నేను పనిచేసేది వృద్ధుల సంరక్షణ గృహంలో. అక్కడికి వచ్చిన మొదటి వారం చెత్త వేరు చేయడం నేర్పడానికి ఒక సహోద్యోగి అరగంట కేటాయించింది. నాకు అరగంట అక్కరలేదు. మన దేశంలో 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం రక్తం అంటిన కట్లు పసుపు సంచిలోకి, గొట్టాలు, సెలైన్ సీసాలు ఎరుపులోకి, సూదులు తెల్ల డబ్బాలోకి, మందుల గాజు సీసాలు నీలంలోకి పోవాలి. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ మాట చెబితే ఆమె ఆశ్చర్యపోయింది. కానీ ఆమెకు చెప్పనిది ఒకటుంది. పన్నెండు గంటలు నాలుగు రంగులు చూసుకుని పనిచేసి హాస్టలుకు వచ్చాక, అరటితొక్క, షాంపూ డబ్బా, పగిలిన గాజు ముక్క అన్నీ ఒకే పాలిథిన్ సంచిలో కట్టేసేదాన్ని. 2015లో నగరంలో ఇంటింటికీ తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట, పొడి చెత్తకు నీలం బుట్ట పంచారు. మా హాస్టల్లో ఒకదాంట్లో బియ్యం, ఇంకోదాంట్లో మాసిన బట్టలు ఉండేవి.

అవే చేతులు, అదే మనిషి. ఇక్కడికి వచ్చాక ఈ తేడా గురించి చాలా ఆలోచించాను. ఆసుపత్రిలో ఎర్ర సంచికి వెళ్లే చోటు ఉందని, దానికోసం బండి వస్తుందని, అది తప్పుగా నిండితే ఎవరో ఒకరు అడుగుతారని నాకు తెలుసు. హాస్టల్లో నేను విడిగా పెట్టినా కింద బండిలో అన్నీ కలిసిపోవడం కిటికీలోంచి కనిపించేది. జర్మన్లు పుట్టుకతో శుభ్రమైనవాళ్లు, మనవాళ్లు కాదు అనే మాట ఇక్కడి మన కుటుంబాల విందుల్లో తరచూ వింటాను. ఆ మాట నేను ఒప్పుకోను. తన చేతిలోంచి పోయాక వస్తువు ఎక్కడికి పోతుందో కనిపిస్తే ఎవరైనా వేరు చేస్తారు.

సంరక్షణ గృహంలో తొంభై దాటిన ఒకావిడ ఉండేవారు. యుద్ధకాలంలో చిన్నపిల్ల. పుట్టినరోజు కానుకల మీది రంగు కాగితాన్ని చింపనిచ్చేవారు కాదు. అంటించిన చోట గోటితో మెల్లగా లేపి, అరచేత్తో సాపు చేసి, నాలుగు మడతలు పెట్టి సొరుగులో దాచుకునేవారు. ఒకనాడు స్నానం చేయిస్తుంటే, నర్సును ఇక్కడ పిలిచే మాటతో అడిగారు: "ష్వెస్టర్, మీ ఊళ్లో చెత్త ఎవరు తీసుకెళ్లేవారు?"

నాకు జవాబు తోచలేదు. మాది కరీంనగర్ జిల్లాలో ఒక పల్లె. నా చిన్నతనంలో చెత్తబండి లేదు. కొంచెం ఆలోచిస్తే, తీసుకెళ్లడానికి చెత్త కూడా పెద్దగా లేదు. కూరగాయల తొక్కలు, బియ్యం కడిగిన నీళ్లు, మిగిలిన గంజి కుడితి తొట్టిలోకి పోయేవి, బర్రె తాగేది. పేడ, ఆకులు అలములు పెంటకుప్ప మీదికి, అక్కడి నుంచి వేసవిలో చేనుకు. పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చే ఆమె వీధిలోకి వస్తే అమ్మ రెండు చీరలు పట్టుకుని చాలాసేపు బేరమాడేది. మోదుగాకు విస్తర్లు తిన్నాక పెంటకుప్పకే. కూల్‌డ్రింక్ సీసా ఇంటికి తెచ్చుకోవాలంటే కిరాణా కొట్టతను డిపాజిట్ అడిగేవాడు, ఖాళీ సీసా తిరిగి ఇచ్చి ఆ డబ్బులతో బిళ్లలు కొనుక్కునేదాన్ని. నేను ఫాండ్ అనే మాట నేర్చుకోవడానికి చాలా ముందే దాన్ని తిన్నాను.

ఇవన్నీ వచ్చీరాని జర్మన్‌లో చెప్పాను. నర్సుగా గుర్తింపు కోసం బి2 స్థాయి పరీక్ష గట్టెక్కినా, కుడితి తొట్టికి జర్మన్ మాట ఎవరూ నేర్పలేదు. చేతులతో బర్రె కొమ్ములు పెట్టి చూపించాను. ఆవిడ తల ఊపి, "మాకు పంది ఉండేది, తొక్కలన్నీ దానికే" అన్నారు. ఆ రోజు నుంచి నా చేత తప్ప స్నానం చేయించుకోనని పట్టుబట్టారు.

ఇక్కడ ఆ కుడితి తొట్టి స్థానంలో గోధుమరంగు డబ్బా ఉంది. తొక్కలు, టీ ఆకులు, కాఫీ పొడి అందులోకి. కాగితానికి వేరే డబ్బా, ప్యాకింగ్ ప్లాస్టిక్‌కు, రేకులకు పసుపుది. గాజు సీసాలు మాత్రం వీధి చివరి పెట్టెలకు మోసుకెళ్లి తెలుపు, గోధుమ, ఆకుపచ్చ రంగుల వారీగా వేయాలి. నీలం సీసా అయితే ఆకుపచ్చలోకి. ఆదివారం వేయకూడదు, చప్పుడవుతుంది. ఏ డబ్బాకూ చెందనిది నల్ల డబ్బాలోకి పోతుంది. శుద్ధి చేయని చెత్తను నేరుగా గోతుల్లో పూడ్చడం 2005 జూన్ నుంచి జర్మనీలో నిషిద్ధం. మా నల్ల డబ్బా చెత్తను ఇదే ఊళ్లో మ్యున్‌స్టర్ అనే పేటలో ఉన్న కర్మాగారంలో కాల్చి, ఆ వేడితో కరెంటు తీస్తారు, ఇళ్లకు వెచ్చదనం పంపుతారు.

ఈ ఊరిదే అనదగ్గ అలవాటు ఇంకొకటి ఉంది, కేర్‌వోహె, అంటే ఊడ్చే వారం. మెట్లు, నడవ, ఇంటి ముందు కాలిబాట ఊడ్చే వంతు వచ్చిన ఇంటి తలుపుకు చిన్న చెక్కబిళ్ల తగిలిస్తారు. వారం తిరిగాక ఆ ఇంటివాళ్లు దాన్ని పక్క తలుపుకు తగిలిస్తారు. స్టుట్‌గార్ట్ పౌరులు తమ పెంట వారం వారం బయటికి తోలాలన్న ఉత్తర్వు 1492 నాటిది, ఈ ఆచారానికి మూలం అదేనంటారు. నగరపాలన 1988లో దీన్ని నిర్బంధం నుంచి తప్పించినా అద్దె ఒప్పందాల్లో ఇంకా ఉంది. కొందరు దీన్ని విసుక్కుంటారు. నాకు మాత్రం ఆ బిళ్ల నా తలుపుకు వచ్చిన వారం మనసు నిండుగా ఉంటుంది. తెల్లవారుజామున కళ్లాపి చల్లి ముగ్గు పెట్టిన వాకిలి గుర్తొస్తుంది. ఒక్క తేడా ఉంది, ఇక్కడ చీపురు మగవాళ్ల చేతుల్లోనూ కనిపిస్తుంది. పక్కింటి పెద్దాయన ఊడ్చిన మెట్ల మీద అన్నం వడ్డించుకోవచ్చు.

ఇక్కడంతా బాగుందని చెప్పడం లేదు. 2021లో జర్మనీలో తలకు సుమారు 237 కిలోల ప్యాకింగ్ చెత్త పోగైంది. దోసకాయకు కూడా ప్లాస్టిక్ తొడుగు. మా పల్లె కొట్టులో పప్పు పొట్లం కట్టిన పాత పేపరు ముందు, ఎంత చక్కగా వేరుచేసినా ఈ పసుపు డబ్బా గొప్పదని నాకు అనిపించదు. నా పనిలోనూ అంతే. చేతి తొడుగులు, డైపర్లు రోజూ సంచులకొద్దీ నల్ల డబ్బాకే పోతాయి. అక్కడ పొదుపు గురించి ఆలోచించను, ఆలోచించకూడదు కూడా. ఒకరి పుండు ఇంకొకరికి అంటకూడదు.

ఒక విషయం మనసును పట్టి లాగుతుంది. రాత్రి డ్యూటీకి వెళ్లేటప్పుడు ట్రామ్ స్టాపులో ఒక ముసలాయన చిన్న టార్చిలైటుతో చెత్తడబ్బాలోకి తొంగి చూస్తుంటారు. శుభ్రమైన కోటు, దువ్విన జుట్టు. సీసాల కోసం. నాలుగు దొరికితే ఒక యూరో. ఇంత సంపన్న దేశంలో ఇదేమిటని మొదట్లో గుండె కలుక్కుమనేది. ఇక్కడివాళ్లు సీసాను డబ్బాలో వేయకుండా పక్కన నిలబెట్టి వెళ్తారని, ఆయన చేయి లోపలికి పెట్టాల్సిన పని లేకుండా అలా చేస్తారని తర్వాత గమనించాను. నేనూ అలాగే పెడతాను. ఆయన పేదరికం దానితో తీరదని తెలుసు.

ఈ ఏర్పాటు మన దగ్గర కుదరదని ఎవరైనా అంటే తమిళనాడులోని నీలగిరిని చూపిస్తాను. అక్కడి అడవుల్లో పగిలిన మద్యం సీసాలు ఏనుగుల పాదాల్లో దిగుతున్నాయని కోర్టు జోక్యం చేసుకుంటే, 2022లో ప్రభుత్వ మద్యం దుకాణాల్లో సీసాకు పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీది తెస్తే తిరిగి ఇవ్వడం మొదలుపెట్టారు. జనం తెచ్చి ఇచ్చారు. పది రూపాయలు చాలాయి. ఉపన్యాసాలు అక్కరలేకపోయాయి.

పోయినసారి సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు రైల్లో కొన్న నీళ్ల సీసా చేతిలోనే మిగిలిపోయింది. నలపబుద్ధి కాలేదు, ఇచ్చేందుకు యంత్రమూ లేదు. అమ్మ ఇప్పుడు బర్రెను అమ్మేసింది, కుడితి తొట్టిలో తులసి మొక్క ఉంది. పంచాయతీ ట్రాక్టరు వారానికి రెండుసార్లు వస్తుందని, అందులో వేయమని తమ్ముడు చెప్పాడు. వేయబోతుంటే అమ్మ లాక్కుంది. "మంచి సీసా, ఎందుకు బిడ్డా పారేస్తావు?" కడిగి, ఎండలో బోర్లించి, మధ్యాహ్నం స్నానాల పొయ్యిలోంచి చల్లారిన బూడిద తెచ్చి చిక్కుడు గింజలతో కలిపింది. కాగితం చుట్టి గరాటులా పెట్టి నన్ను పట్టుకోమంది. గింజలు గలగలమంటూ సీసాలోకి దిగుతుంటే, అడుగున తట్టి సర్దుతూ నింపింది. మూత బిగించి, వానాకాలందాకా పురుగు పట్టదని చెప్పి, అటక మీద అలాంటివే ఇంకో ఐదు సీసాల పక్కన పెట్టింది.